జపానులో హిచ్‌హైకింగ్

జపానులో హిచ్‌హైకింగ్ అనగా జపాను దేశపు రహదారులపై వెళ్ళే అపరిచితుల వాహనాలలో, వారి సమ్మతితో, కిరాయి చెల్లించకుండా చేసే ప్రయాణము. తెలుగునాట దీనిని "లిఫ్టు అడగడం" అంటారు. అయితే మన ఊళ్ళలో లిఫ్టు అన్నది సాధారణంగా పక్క ఊరి వరకో, బస్సు దొరికే కూడలి వరకో సాగే చిన్న ప్రయాణము. హిచ్‌హైకింగ్‌లో ఒక వాహనం దిగి మరొకటి ఎక్కుతూ వందల కిలోమీటర్లు, ఒక్కొక్కసారి దేశం ఈ చివరి నుండి ఆ చివరి వరకు వెళ్ళడం కూడా కలదు. ఈ ఆంగ్ల పదం 1920వ దశకంలో అమెరికాలో పుట్టింది. జపనీయులు దీనినే తమ ఉచ్చారణలో "హిచ్చిహైకు" అంటారు. దీనికి సమానమైన సొంత పదం వారి వాడుకలో లేకపోవడాన్ని బట్టి ఇది ఆ దేశానికి బయటి నుండి వచ్చిన అలవాటని తెలుస్తుంది.

రైళ్ళు నిమిషం తప్పకుండా నడిచే జపానులో ఈ విధంగా ప్రయాణించేవారు తక్కువ. "మా దేశంలో ఎవరూ బండి ఆపరు" అని జపనీయులే విదేశీ యాత్రికులకు చెబుతుంటారు. కానీ ప్రయత్నించిన వారి అనుభవాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. బండి ఆపినవారు యాత్రికుణ్ణి అతిథిగా చూసి, భోజనం పెట్టించి, తమ దారి మళ్ళించుకొని మరీ దిగబెట్టిన సందర్భాలు యాత్రా గ్రంథాలలో తరచుగా కనిపిస్తాయి. అందువలన జపానులో హిచ్‌హైకర్‌కు ఎదురయ్యే అసలు చిక్కు వాహనం దొరకకపోవడం కాదు, దొరికిన ఆదరణను ఎదుటివారికి భారం కాకుండా స్వీకరించడమే అని చెప్పవచ్చును.

భౌగోళిక నేపథ్యము

జపాను యొక్క నాలుగు ప్రధాన ద్వీపాలు ఉత్తరం నుండి దక్షిణానికి హొక్కైదో, హోన్షూ, షికోకు మరియు క్యూషూ. దేశం పొడవునా ప్రయాణించదలచినవారు సాధారణంగా క్యూషూ దక్షిణ కొనలోని సతా అగ్రము, హొక్కైదో ఉత్తర కొనలోని సోయా అగ్రము అనే రెండు చోట్లను హద్దులుగా పెట్టుకుంటారు.

ద్వీపం నుండి ద్వీపానికి దాటే పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు. క్యూషూ, హోన్షూల నడుమ ఉన్న కన్మోన్ జలసంధి కింద 1958లో రహదారి సొరంగం, పైన 1973లో వంతెన ఏర్పడ్డాయి. ఈ సొరంగంలో పాదచారులకు సుమారు 780 మీటర్ల ప్రత్యేక మార్గం కలదు. కాబట్టి వాహనం దొరకనివారు సముద్రం కిందుగా నడిచి ఒక ద్వీపం నుండి మరొక ద్వీపానికి చేరవచ్చును. షికోకును హోన్షూతో కలిపే మూడు వంతెన మార్గాలు 1988, 1998, 1999 సంవత్సరాలలో ప్రారంభమయ్యాయి. వీటిలో చివరిదైన షిమనామి మార్గంలో మాత్రమే నడిచేవారికి, సైకిళ్ళకు ప్రవేశం ఉన్నది. హోన్షూ, హొక్కైదోల నడుమ 1988లో ప్రారంభమైన 53.85 కిలోమీటర్ల సెయికాన్ సొరంగం రైళ్ళకే పరిమితం. వాహనాలన్నీ ఓడపైనే దాటాలి. అవొమొరి నుండి హకోదతే రేవుకు సుమారు 4 గంటలు పడుతుంది. ఓడలోకి కారు ఎక్కించే డ్రైవరుతో కలిసి వెళ్ళినా యాత్రికుడు తన టిక్కెట్టు తానే కొనుక్కోవడం మర్యాద. ఓడలో వాహనదారులందరూ ఒకే హాలులో కూర్చొని ఉంటారు గనుక అవతలి ఒడ్డున ఎక్కవలసిన వాహనాన్ని ఇక్కడే మాట్లాడుకోవచ్చును.

జపానులోనూ భారతదేశంలో వలె వాహనాలు రోడ్డుకు ఎడమ వైపున నడుస్తాయి. కాబట్టి నిలబడవలసిన పక్క విషయంలో మనవారికి తికమక ఉండదు.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపానులో సొంత కార్లు విరివిగా పెరిగింది 1960వ దశకంలోనే. దేశపు తొలి ఎక్స్‌ప్రెస్ మార్గమైన మెయిషిన్ రహదారిలో మొదటి భాగం 1963లో, టోక్యోను నగోయా వైపు కలిపే తోమెయి రహదారి పూర్తిగా 1969లో వాడుకలోకి వచ్చాయి. 1960వ దశకం చివర, 1970వ దశకంలో యువకులు పెద్ద పెద్ద వీపు సంచులతో హొక్కైదో యాత్రలకు బయలుదేరేవారు. ఆ సంచుల వెడల్పు వలన రైలు పెట్టెల నడవాలలో వారు పక్కకు తిరిగి నడవవలసి వచ్చేది. అందుకని వారిని "కని-జోకు", అనగా ఎండ్రకాయల తెగ అని పిలిచారు. రైళ్ళు తక్కువ, దూరాలు ఎక్కువ అయిన హొక్కైదోలో దారిన పోయే వాహనాన్ని అడిగి ఎక్కడం అటువంటి యాత్రలకు సహజంగానే సరిపోయేది.

దేశమంతటా హిచ్‌హైకింగ్ పేరు మారుమ్రోగింది మాత్రం 1996లో. నిప్పాన్ టెలివిజన్ వారి "సుసుమే! దెన్‌పా షోనెన్" అనే కార్యక్రమంలో, అప్పటికి పెద్దగా పేరులేని "సరుగన్‌సెకి" అనే ఇద్దరు హాస్యనటుల జంట హాంగ్‌కాంగ్ నుండి లండన్ వరకు హిచ్‌హైకింగ్ చేస్తూ బయలుదేరింది. వీరి దారి భారతదేశం మీదుగా కూడా సాగింది. చేతిలో డబ్బు లేక, ఆకలితో, దొరికిన పని చేసుకుంటూ వారు సాగించిన యాత్రను ప్రేక్షకులు వారం వారం ఆత్రుతగా చూశారు. ఏప్రిల్‌లో మొదలైన యాత్ర అక్టోబరులో ముగిసేసరికి ఇద్దరూ దేశమంతటా తెలిసిన వ్యక్తులైపోయారు. వారిలో ఒకరైన అరియోషి హిరోయికి ఆ తరువాతి కాలంలో జపాను టెలివిజన్‌లో ప్రముఖ వ్యాఖ్యాతగా ఎదిగారు. కొన్ని చోట్ల వారు విమానం ఎక్కిన సంగతి తరువాత బయటపడి విమర్శలు వచ్చాయి. అయినప్పటికీ అట్ట మీద ఊరి పేరు వ్రాసి రోడ్డు పక్కన నిలబడే యువకుడి బొమ్మ జపనీయుల మనసులో నాటుకుపోయినది ఈ కార్యక్రమం వలననే.

చట్టము

హిచ్‌హైకింగ్‌ను నిషేధించే ప్రత్యేక చట్టమేదీ జపానులో లేదు. కానీ కొన్ని ఇతర నియమాలు దీనికి వర్తిస్తాయి. ఎక్స్‌ప్రెస్ రహదారులపై పాదచారులు అడుగుపెట్టరాదు. ట్రాఫిక్‌కు అడ్డు కలిగేటట్లు రోడ్డు మీద నిలబడడం కూడా నేరమే. కూడళ్ళకు, పాదచారులు దాటే గీతలకు 5 మీటర్ల లోపల, బస్సు స్టాపులకు 10 మీటర్ల లోపల వాహనం ఆపరాదు గనుక ఆ చోట్ల చేయి చాపితే ఆపాలని ఉన్న డ్రైవరు కూడా ఆపలేడు. 2008 నుండి వెనుక సీటులో కూర్చున్నవారు సైతం సీటు బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి.

డబ్బు సంగతి కూడా ముఖ్యమైనదే. అనుమతి లేకుండా కిరాయికి మనుషులను ఎక్కించుకోవడం జపానులో చట్టవిరుద్ధము. కిరాయి వాహనాలకు ఆకుపచ్చ నంబరు ప్లేటు, సాధారణ సొంత కార్లకు తెల్ల ప్లేటు ఉంటాయి. తెల్ల ప్లేటు కారులో ఎక్కి దిగేటప్పుడు కిరాయి వంటి మొత్తం చేతిలో పెట్టబోవడం డ్రైవరును ఇబ్బందిలోకి నెట్టడమే అవుతుంది. చట్టాన్ని పక్కన పెట్టినా, అది అతని మనసును నొప్పిస్తుంది.

పద్ధతి

నగరాల నడిబొడ్డున నిలబడి ఫలితము లేదు. స్థానిక రైలులో నగరం అంచు వరకు వెళ్ళి అక్కడి నుండి ప్రారంభించడం పరిపాటి. టోక్యో నుండి పడమటి వైపు వెళ్ళేవారికి యోగా స్టేషనుకు దగ్గరగా, తోమెయి రహదారి మొదలయ్యే ప్రాంతము చాలా కాలంగా పేరు పొందినది.

వెళ్ళవలసిన ఊరి పేరును జపనీయ లిపిలో పెద్ద అక్షరాలతో అట్ట మీద వ్రాసి పట్టుకుంటారు. పేరు చివర "హోమెన్" అని చేర్చడం ఒక మెలకువ. దీనికి "ఆ వైపు" అని అర్థము. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరం పేరు వ్రాస్తే "నేను అంత దూరం వెళ్ళడం లేదు కదా" అని డ్రైవరు సాగిపోతాడు. తరువాతి పెద్ద ఊరి పేరు వ్రాసి "ఆ వైపు" అంటే మధ్యలో ఆగేవారు కూడా ఆపుతారు. అట్ట కోసం వెతకనక్కరలేదు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే చిన్న దుకాణాలలో అడిగితే ఖాళీ పెట్టె ఇస్తారు. ఇటువంటి దుకాణాలను అక్కడ "కొన్‌బిని" అంటారు. వీటి ముందు వాహనాలు ఆపుకొనే స్థలం, దీపాలు ఉంటాయి కాబట్టి నిలబడడానికీ అనువైనవి.

ఎక్స్‌ప్రెస్ రహదారులపై సుమారు 50 కిలోమీటర్లకు ఒకటి చొప్పున పెట్రోలు బంకు, భోజనశాలలతో కూడిన సర్వీస్ ఏరియాలు, వాటి నడుమ సుమారు 15 కిలోమీటర్లకు ఒకటి చొప్పున చిన్న పార్కింగ్ ఏరియాలు ఉన్నాయి. దూర ప్రయాణాలకు ఇవే ఆయువుపట్టు. ఒకసారి రహదారి లోపలికి ప్రవేశించిన యాత్రికుడు బయటకు రాకుండా ఒక సర్వీస్ ఏరియా నుండి మరొక దానికి దూకుతూ పోవడమే ఉత్తమము. డ్రైవరు మధ్యలో టోలు గేటు దాటి బయటకు వెళ్ళేవాడైతే, అంతకు ముందున్న చివరి సర్వీస్ ఏరియాలో దింపమని మొదటే చెప్పి ఉంచాలి. ఇది మరచినవారు ఏదో పల్లెటూరి టోలు గేటు ముందు, రాత్రి వేళ, ఒంటరిగా మిగిలిపోతారు. చాలా సర్వీస్ ఏరియాలు రహదారికి ఇరుపక్కలా వేరువేరుగా ఉంటాయి. టోక్యో వైపు వెళ్ళే దానిని "నొబొరి" అని, టోక్యో నుండి దూరంగా వెళ్ళే దానిని "కుదరి" అని పిలుస్తారు. మొదటి పదానికి ఎక్కుట అని, రెండవదానికి దిగుట అని అర్థము.

సాధారణ రహదారుల వెంట 1993 నుండి "మిచి నో ఎకి" అనే విడిది కేంద్రాలను ఏర్పాటు చేశారు. మాటకు మాటగా చెబితే "దారి స్టేషను" అని అర్థము. ఇప్పుడివి దేశమంతటా 1,200 కంటె ఎక్కువ ఉన్నాయి. స్థానిక రైతులు తమ కూరగాయలు ఇక్కడ అమ్ముతారు. పల్లె ప్రాంతాలలో యాత్రికుడికి స్థానికులతో మాట కలిసేది ఎక్కువగా ఇక్కడే.

లారీలను నమ్ముకోవడం వలన పెద్దగా లాభం లేదు. లారీ కంపెనీలు చాలావరకు బయటివారిని ఎక్కించుకోవద్దని తమ డ్రైవర్లకు చెప్పి ఉంచుతాయి. ఆగేవి ఎక్కువగా సొంత కార్లే.

ఆదరణ, మొహమాటము

జపనీయుల ఇళ్ళలో పిల్లలకు తొలుత నేర్పే విషయాలలో "మెయివాకు" కలిగించకూడదన్నది ఒకటి. మెయివాకు అనగా ఇతరులకు కలిగే ఇబ్బంది. అపరిచితుణ్ణి తన కారులో ఎక్కించుకొమ్మని అడగడం వారి దృష్టిలో దాదాపు అటువంటిదే. జపనీయులు తాము హిచ్‌హైకింగ్ చేయడానికి వెనుకాడేందుకు ఇది ఒక కారణము. కానీ తన ఎదుట ఒక మనిషి, అందులోనూ భాష తెలియని పరదేశి, అట్ట ముక్క పట్టుకొని ఎండలో నిలబడినప్పుడు సమస్య తలక్రిందులవుతుంది. ఒకసారి కారు తలుపు తెరిచిన తరువాత ఆ యాత్రికుడు క్షేమంగా చేరడం తన పూచీ అని డ్రైవరు భావిస్తాడు. దారిలో ఉన్న జలపాతాన్నో, ఆలయాన్నో చూపించడం, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు బిల్లు తానే కట్టడం, తన మలుపు వచ్చినా "మీకు అక్కడ వాహనం దొరకదు" అని మరో ముప్పై నలభై కిలోమీటర్లు ముందుకు తీసుకుపోవడం యాత్రికుల కథనాలలో మరల మరల కనిపించే విషయాలు.

ఇక్కడ యాత్రికుడు గ్రహించవలసినది ఒకటుంది. ఈ ఆదరణకు అయ్యే ఖర్చు నిజమైనది. జపానులో ఎక్స్‌ప్రెస్ రహదారుల టోలు చాలా ఎక్కువ, పెట్రోలు అదనము. "నేను ఎలాగూ అటే వెళుతున్నాను" అని డ్రైవరు అన్నంత మాత్రాన అది నిజం కానక్కరలేదు, ఎదుటివాని మొహమాటం తీర్చడానికి చెప్పే మాట కూడా కావచ్చును. జపనీయ మర్యాదలో "ఎన్‌ర్యో" అనే భావన కలదు. ఇవ్వజూపిన దానిని వెంటనే పుచ్చుకోకుండా ఒకటి రెండు సార్లు వెనుకాడడమే ఎన్‌ర్యో. "వద్దండీ, మీకెందుకు శ్రమ" అంటూనే కాఫీ గ్లాసు అందుకొనే తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. విదేశీయులు తొలిసారే "సరే" అనేయడం వలన డ్రైవరు మాట వరసకు అన్నది నిజంగా చేయవలసి వచ్చిన సందర్భాలు లేకపోలేదు.

రుణం తీర్చుకొనే మార్గం డబ్బు కాదని పైన చూశాము. తన ఊరి నుండి తెచ్చిన చిన్న వస్తువు, తన దేశపు నాణెము లేదా తపాలా బిళ్ళ వంటివి ఇవ్వడం వాడుక. ఇంటికి చేరిన తరువాత ఉత్తరమో ఫోటోనో పంపడం అంతకంటె విలువైనదిగా భావిస్తారు. క్షేమంగా చేరారన్న కబురు వస్తేనే డ్రైవరు తన పూచీ తీరిందనుకుంటాడు.

డ్రైవర్లు ఎందుకు ఆపుతారన్న దానికి ఒకే జవాబు లేదు. పరభాష మాట్లాడే అవకాశం కోసం కొందరు, చిన్నతనంలో తాము చేసిన యాత్రలు గుర్తుకువచ్చి కొందరు, దూర ప్రయాణంలో నిద్ర రాకుండా మాట తోడు కోసం కొందరు ఆపుతారు. మరల చూడబోని మనిషితో ఇంట్లోవారికి చెప్పని సంగతులు చెప్పుకొనేవారు కూడా ఉంటారు. పక్క సీటులో కూర్చొని వినడమే చాలాసార్లు యాత్రికుడు చెల్లించే కిరాయి.

షికోకు యాత్రలో ఒసెత్తాయ్

దారిన పోయేవానిని ఆదరించే సంప్రదాయం జపానుకు కొత్తది కాదు. షికోకు ద్వీపం చుట్టూ 88 ఆలయాలను దర్శించే బౌద్ధ యాత్ర ఒకటి కలదు. ఇది సుమారు 1,200 కిలోమీటర్ల మార్గము. నడిచి పూర్తిచేయడానికి 40 నుండి 50 రోజులు పడుతుంది. షింగోన్ శాఖను స్థాపించిన కూకాయ్ (774–835) పేరుతో ఈ యాత్ర ముడిపడి ఉన్నది. ఆయనను కోబో దాయిషి అని కూడా పిలుస్తారు. తెల్లని వస్త్రాలు, వెదురు టోపీ, చేతికర్ర ధరించిన ఈ యాత్రికులను "ఒహెన్‌రో" అంటారు.

వీరికి దారి పొడవునా గ్రామస్థులు పండ్లు, అన్నపు ముద్దలు, టీ, కొన్ని చోట్ల నాణేలు, రాత్రి బస ఉచితంగా ఇస్తారు. ఈ దానమునకు "ఒసెత్తాయ్" అని పేరు. యాత్రికుడు ఒంటరిగా నడుస్తున్నట్లు కనిపించినా కోబో దాయిషి అతని వెంట నడుస్తాడని విశ్వాసము. అతనికి ఇచ్చినది ఆ మహనీయునికి చేరుతుందనే భావనతో గ్రామస్థులు ఇస్తారు కాబట్టి దీనిని నిరాకరించకూడదన్నది ఆచారము. పుచ్చుకొన్నవాడు "ఒసామెఫుదా" అనే చిన్న కాగితపు చీటీ మీద తన పేరు, ఊరు వ్రాసి ఇచ్చినవారికి అందిస్తాడు. తొలిసారి యాత్ర చేసేవారి చీటీ తెల్లగా ఉంటుంది. వంద సార్లకు పైగా యాత్ర చేసినవారు జరీ నేత చీటీలు వాడతారు. తీర్థయాత్రికులకు అన్నదానం, చలివేంద్రం వంటి మన ఆచారాలు తెలిసినవారికి ఈ భావన సులభంగానే అర్థమవుతుంది.

మోటారు వాహనాలు వచ్చిన తరువాత ఒసెత్తాయ్‌కు ఒక కొత్త రూపం, దానితో పాటు ఒక ధర్మసందేహం కూడా వచ్చాయి. వానలో నడుస్తున్న యాత్రికుని పక్కన కారు ఆపి "ఎక్కండి, తరువాతి ఆలయం దగ్గర దింపుతాను" అని స్థానికులు పిలుస్తారు. మొత్తం దారి నడుస్తానని సంకల్పించుకున్నవాడు ఎక్కితే వ్రతభంగము, ఎక్కకపోతే ఒసెత్తాయ్‌ను కాదన్న దోషము. కొందరు కృతజ్ఞత చెప్పి నడిచిపోతారు. కొందరు ఎక్కి, తరువాత కారు ఎక్కిన చోటికి తిరిగి వచ్చి మరల నడుస్తారు. కొందరు దానిని కూడా యాత్రలో భాగంగానే స్వీకరిస్తారు. ఏది సరియైనదన్న దానిపై యాత్రికులలో ఏకాభిప్రాయము లేదు. హిచ్‌హైకర్‌కు, ఒహెన్‌రోకు ఉన్న తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. మొదటివాడు అడిగి ఎక్కుతాడు, రెండవవాడిని అడిగి ఎక్కిస్తారు. కేవలం ఉచితంగా తిరగడం కోసం తెల్ల వస్త్రాలు ధరించి ఒసెత్తాయ్ పొందడాన్ని స్థానికులు తప్పుగా భావిస్తారు.

ప్రమాదములు

జపానులో నేరాలు తక్కువన్న మాట నిజమే అయినా, మూసిన కారులో అపరిచితునితో ప్రయాణించడంలో ఉన్న ప్రమాదం ఏ దేశంలోనూ పూర్తిగా తొలగిపోదు. ఒంటరి స్త్రీలకు ఈ పద్ధతి మంచిదని చెప్పలేము. ఎక్కే ముందు డ్రైవరు ఎక్కడికి వెళుతున్నాడో అడగడం, నంబరు ప్లేటు వివరాలను తెలిసినవారికి పంపడం, మద్యం వాసన వస్తే మర్యాదగా తప్పుకోవడం ఎవరికైనా అవసరమే. శీతాకాలంలో హొక్కైదో లోపలి భాగాలలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల కంటె కిందికి పడిపోతుంది. అప్పుడు రోడ్డు పక్కన గంటల తరబడి నిలబడడం ప్రాణాంతకము. వేసవిలో గుడారం వేసుకొనేవారు అక్కడి ఎలుగుబంట్లను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

యాత్రికులు తరచుగా ఆలోచించని ప్రమాదం డ్రైవరు వైపు ఉన్నది. జపానులో ప్రతి వాహనానికీ తప్పనిసరి బీమా ఉంటుంది. ఉచితంగా ఎక్కించుకొన్న ప్రయాణికుడు ప్రమాదంలో గాయపడినా, మరణించినా ఇది వర్తిస్తుంది. మరణానికి దీని గరిష్ఠ పరిమితి 3 కోట్ల యెన్‌లు. అంతకు మించిన నష్టపరిహారం డ్రైవరు మీదనో, అతను విడిగా తీసుకొన్న బీమా మీదనో పడవచ్చును. దయతో కారు ఆపినవాడు తన మీద వేసుకొనే బరువులో ఇది కూడా ఒక భాగము. కొందరు ఆపకుండా సాగిపోవడానికి కారణం కఠినత్వమే కానక్కరలేదు.

గ్రంథములు

ఈ విషయంపై ఆంగ్లంలో ఎక్కువగా పేరొందినది కెనడా రచయిత విల్ ఫెర్గూసన్ 1998లో వెలువరించిన "హొక్కైదో హైవే బ్లూస్". జపానులో ఆంగ్ల ఉపాధ్యాయునిగా పనిచేసిన ఫెర్గూసన్ సతా అగ్రము నుండి సోయా అగ్రము వరకు, చెర్రీ పూలు పూసే క్రమాన్ని అనుసరిస్తూ హిచ్‌హైకింగ్ చేశారు. మార్చి చివరలో క్యూషూలో విచ్చుకోవడం మొదలుపెట్టే ఈ పూలు వారం వారం ఉత్తరానికి జరుగుతూ మే నెలకు హొక్కైదో చేరతాయి. ఈ కదలికను జపనీయులు "సకురా జెన్‌సెన్" అంటారు, వాతావరణ వార్తలతో పాటు ప్రసారం చేస్తారు. ఎక్కించుకొన్నవారే "జపనీయులు హిచ్‌హైకర్లను ఎక్కించుకోరు" అని ఆయనకు చెప్పడం ఈ గ్రంథంలోని హాస్యానికి ఒక ఆధారము. తరువాత ఇది "హిచింగ్ రైడ్స్ విత్ బుద్ధా" అనే పేరుతో కూడా వెలువడింది.

ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో సాగినది ఆంగ్లేయుడైన అలెన్ బూత్ వ్రాసిన "ది రోడ్స్ టు సతా" (1985). ఈయన 1977లో సోయా నుండి సతా వరకు సుమారు 3,300 కిలోమీటర్లు 128 రోజులలో కాలినడకన వెళ్ళారు. దారిలో ఎంతోమంది కార్లు, లారీలు ఆపి ఎక్కమని బలవంతం చేయగా, ఆయన అందరికీ వద్దని చెబుతూ పోవలసి వచ్చింది. ఆయన ఎందుకు నడుస్తున్నాడో చాలామందికి అర్థం కాలేదు.